మూడోసారి

అది కాదు బ్రెంట్, నువ్విక్కడ నా వంటింట్లో కూర్చుని ఆ పుస్తకంలో రాసుకుంటూ ఉంటే అక్కడ పిల్లాడు దొరుకుతాడా? టోపీ మీద మంచు కూడా కరగలేదు నీకు, అప్పుడే పెన్ను తీశావు.

సరే, సరే. సరస్సు మీదికి ఆరు మంచుబళ్ళు పంపించామన్నావు. విన్నాను. నాకింకా చెవుడు రాలేదు. ఆఖరిసారి చూసింది నేనే కాబట్టి నన్నే అడగాలి, అదీ విన్నాను. అడుగు మరి. కాఫీ పోస్తాను, ఉండు. ఏదో ఒకటి చెయ్యకపోతే ఈ చేతులు ఊరుకోవడం లేదు.

పేరు రాసుకున్నావుగా. డెర్లిస్. ఇంటిపేరు నాకు నోరు తిరగదు, కాలేజీవాళ్ళనడుగు. పరాగ్వే. ఆ, దేశమే. దక్షిణాన, బ్రెజిల్ పక్కన ఎక్కడో. నేనూ మొదట్లో పటం చూసుకున్నాలే. ఇరవయ్యొకటి నిండాయి. ఆగస్టులో వచ్చాడు. దిగిన రోజున చొక్కా చేతులు కిందికి లాక్కుంటూ, మీ మిన్నెసోటాలో ఇంత చలేమిటండీ అన్నాడు. ఆగస్టులో నాయనా. ఎంత నవ్వుకున్నామో.

ఏం వేసుకున్నాడంటే, నల్ల కోటు. చర్చిలో పాత కోట్లుండే బీరువాలోంచి నేనే తీసిచ్చాను. భుజాల దగ్గర కాస్త వదులు. ఉన్ని టోపీ. ఎర్ర చేతితొడుగులు, నేను అల్లినవే. బూట్లు మంచివే, నాకు తెలుసు, నేను వెంటపడి కొనిపించాను. లోపల ఏం తొడుక్కున్నాడో చూళ్ళేదు. ఆదివారం చర్చికొచ్చే పిల్లాడు లోపల ఏం తొడుక్కున్నాడో ఎవరు చూస్తారు?

పదకొండేళ్ళుగా చెప్తున్నాను బ్రెంట్ నేను. మీ అమ్మ లవాన్‌కి తెలుసు, అడుగు, మొదటి రోజునుంచీ నాతో పాటు కాఫీ కాచింది తనే. ప్రతి మంగళవారం సాయంత్రం చర్చి కింది హాల్లో, బయటి దేశాలనుంచి కాలేజీకి వచ్చిన పిల్లలందరినీ కూర్చోబెట్టి. మూడు పొరలు వేసుకోండి. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఉన్ని వేసుకోండి. మంచుగడ్డ మీద బాతులా నడవండి, పాదం మొత్తం ఆనించి. కారులో ఒక దుప్పటి, ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె. అన్నీ చెప్పాను.

గాలి లేస్తే సరస్సు మీదికి వెళ్ళొద్దనీ చెప్పాను. అడగబోతున్నావని తెలుసు, అందుకే ముందే చెప్తున్నా. నవంబర్లో చెప్పాను. నవంబర్లో చెప్తే ఆ గాలి ఎవరికి అర్థమవుతుంది? పైగా మొన్న జనవరి మొదట్లో నేనే వాళ్ళని గడ్డకట్టిన సరస్సు మీదికి తీసుకెళ్ళి చూపించానాయె. ఇదిగో ట్రక్కులు పోతున్నాయి చూడండి, ఇదిగో చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు, ఈ గట్టునుంచి ఆ గట్టుకి మైలే, రోడ్డు మీదైతే మూడు మైళ్ళు అని. నా నోటితో నేనే. ఆ గట్టునే కదా వాళ్ళ హాస్టలు.

ఆ దారినే పోయి ఉంటాడు. ఇంకే దారిన పోతాడు?

ఎప్పుడంటే, ఒంటిగంటన్నర. చర్చిలో భోజనాలయ్యాక. అప్పటికి ఏదో సన్నగా మంచు పడుతోందంతే. తర్వాత కదా ఆ గాలి. రెండుంబావుకి ఈ కిటికీలోంచి చూస్తే ఎదురింటివాళ్ళ గరాజు కనపళ్ళేదు. మూడింటికి వాడి గదిలో ఉండే పిల్లాడు ఫోన్ చేశాడు, డెర్లిస్ మీ ఇంట్లో ఉన్నాడా అని. వెంటనే మీ షెరీఫ్ ఆఫీసుకి చేశాను. ఇప్పుడు నాలుగుంబావు. ఎంతైంది లెక్కేసుకో. ఇంకో ముప్పావుగంటలో చీకటి.

కారులో దింపుతానని ఎవరూ అనలేదా అంటే?

అన్నాను. నేనే అడిగాను. వద్దన్నాడు. అడిగాను, వద్దన్నాడు, రాసుకో.

అలా చూడకు. మీ అమ్మ చూసినట్టే చూస్తావు నువ్వూ.

అక్టోబర్లో ఏం జరిగిందో మీ అమ్మ చెప్పిందా? గుమ్మడికాయ కేకు చేసుకొచ్చింది తను. పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలింది. మన సంగతి తెలుసుగా, ఆఖరి ముక్క ఎవడు ముట్టుకుంటాడు. ఒకళ్ళొచ్చి సగం కోసుకుంటారు, ఇంకొకళ్ళొచ్చి ఆ సగంలో సగం, చివరికి గోరంత ముక్క పళ్ళెంతో పాటు కడిగేస్తాం. మీ అమ్మ మర్యాదకి, తీసుకో నాయనా అంది. వీడు తీసుకున్నాడు. మొత్తం ముక్క. నోట్లో పెట్టుకుని, చాలా బాగుందండీ అన్నాడు. హాలంతా వాడికేసే చూసింది. మీ అమ్మ మొహం చూడాల్సింది.

పాపం, వాడికి ఏదో తప్పు జరిగిందని తెలిసింది, ఏం తప్పో తెలీలేదు. పక్కకి తీసుకెళ్ళి చెప్పాను. చూడు నాయనా, ఇక్కడ ఎవరేది ఇస్తామన్నా మొదటిసారి వద్దనాలి. రెండోసారి కూడా వద్దనాలి. మూడోసారి అడిగితే, మీకు ఇబ్బంది లేకపోతే సరే, అనాలి. మొదటిది మాటవరసకి అడుగుతారు, రెండోది మర్యాదకి అడుగుతారు, మూడోదే నిజం.

మరి మూడోసారి అడక్కపోతే ఎలా దోన్యా, అన్నాడు. పెద్దావిణ్ణి వాళ్ళు అలా పిలుస్తార్ట, దోన్యా ఆర్డిస్ అని.

అడుగుతారు, ఎందుకడగరు, అన్నాను నేను. మూడోసారి అడక్కపోతే వాళ్ళేం మనుషులు, అన్నాను. రాసుకున్నాడు. నీలాగే, చిన్న పుస్తకంలో.

వాళ్ళ దగ్గర వేరేట. ఏదో ఆకు చల్లటి నీళ్ళలో వేసి, ఒకటే గిన్నె అందరూ వరసగా తాగుతారట. ఇచ్చింది తాగాల్సిందే, వద్దనకూడదు. చాలనిపిస్తే థాంక్స్ అంటారట. థాంక్స్ అన్నవాడికి మళ్ళీ ఇవ్వరట. అంతే, అయిపోయింది. ఎంత సుళువో చూడండి దోన్యా, అని నవ్వేవాడు. మేం ఒక్కసారి చెప్తే చాలు, మీకు మూడుసార్లు కావాలి అని ఏడిపించేవాడు నన్ను.

అదే అంటున్నా. వాళ్ళ దేశంలో థాంక్స్ అంటే వద్దనే. వాడే చెప్పాడు నాకు. మధ్యాహ్నం కారు దగ్గర కూడా థాంక్స్ అన్నాడు. నిజంగానే వద్దేమో అనుకున్నాను. అనుకోకూడదా?

నీ రేడియోలో మీవాళ్ళేమంటున్నారు? పెంచు. వినపడేట్టు పెంచు.

ఏమిటి దొరికింది? తొడుగా?

ఎర్రదేనా? ఒకటేనా? పడవలు దింపే చోటునుంచి ఎంత దూరంలో? కుడి చేతిదా, ఎడమదా, అడుగవయ్యా వాళ్ళని. ఎందుకంటే ఏమిటి. వాడు కుడిచేత్తో రాస్తాడు, అందుకు.

తొడుగు పడిపోతే తెలీకుండా ఉంటుందా? తెలుస్తుంది. వెనక్కి తిరిగి వెతుక్కుని ఉంటాడు. ఒక్కసారి వెనక్కి తిరిగితే ఆ తెల్లటిదాంట్లో ఇంక ముందేదో వెనకేదో ఎవడికి తెలుస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకే తెలీదు. మా మామగారి తమ్ముడు తన పశువుల కొట్టానికీ ఇంటికీ మధ్యలో పోయాడు, నలభై అడుగులు లేదు.

నువ్వు కాఫీ తాగడం లేదు. వద్దనుకుంటే వద్దని చెప్పు, చల్లారిపోతోంది.

ఏమడిగావు? చర్చిలో వాడు ఎలా ఉన్నాడనా? బాగానే ఉన్నాడు. దిగులుగానా? దిగులేం లేదు. అంటే, ముందు లేదు.

అది నీకెందుకిప్పుడు? దానికీ దీనికీ సంబంధం లేదు.

సరే. కాలేజీలో బయటి దేశాల పిల్లల్ని చూసుకోవడానికి కొత్తావిడ వచ్చింది, పొట్టి జుట్టు. మంచిదే, ఏమీ అనను. భోజనాల దగ్గర నా పక్కకొచ్చి కూర్చుని, ఆర్డిస్ గారూ, వచ్చే ఏటినుంచీ మీకు శ్రమ లేదండీ, అంది. శ్రమ అట. తొమ్మిది నిమిషాల వీడియో తీశారట. పిల్లలు విమానం ఎక్కకముందే ఫోన్లో చూసేస్తారట. మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి, అంది. నేను వండుకొచ్చిన హాట్‌డిష్ గిన్నె చేతిలో పట్టుకుని వింటున్నాను. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా విన్నారు.

మంచిదండీ, అన్నాను.

ఇంతలో డెర్లిస్ పరిగెత్తుకొచ్చాడు. మొహం ఇంత చేసుకుని. దోన్యా, చూడండి, అందులో నేనే ఉన్నాను, అని ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. నిజమే, వాడే. బాతులా నడుస్తున్నాడు. మూడు పొరలు అంటున్నాడు. కొవ్వొత్తి, అగ్గిపెట్టె అంటున్నాడు. కేకు ముక్క సంగతి కూడా ఉంది బ్రెంట్, ఒకటి వద్దు, రెండు వద్దు, మూడు సరే అని వేళ్ళు లెక్కపెడుతూ. వెనకనుంచి ఎవరో నవ్వుతున్నారు. అన్నీ నా మాటలే, ఒక్కటీ పొల్లుపోలేదు. నా పేరు మాత్రం ఎక్కడా లేదు.

తల కొట్టేసినట్టయింది. వాడికి నాలుగు నెలలుగా తెలుసు అది తీస్తున్నారని. ప్రతి మంగళవారం నా ఎదురుగా కూర్చుని కూడా చెప్పలేదు. ఆశ్చర్యపెడదామనుకున్నాడట. నేను సంతోషిస్తాననుకున్నాడు పిచ్చివెధవ. నిజంగానే అలా అనుకున్నాడు, నాకు తెలుసు. అప్పుడే తెలుసు.

బానే ఉంది, అదో రకంగా ఉంది, అన్నాను.

నీకు వేరే చెప్పక్కర్లేదుగా. మన ఊళ్ళో అదో రకంగా ఉందంటే ఏమిటో. మీ అమ్మ కోడలి వంటని అలా అంటుంది. ఏమనుకోకు.

వాడికీ తెలుసు. నేనే నేర్పాను. ఇక్కడివాళ్ళు తిట్టరు నాయనా, అదో రకంగా ఉందంటారు, అంటే నువ్వు వాళ్ళ మనసు కష్టపెట్టావని అర్థం చేసుకో, అని నేనే చెప్పాను. ఇన్ని పాఠాల్లో ఆ పాఠమే బాగా ఒంటబట్టింది వాడికి. మొహం మాడిపోయింది. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. వెళ్ళి మీ అమ్మ పక్కన నిలబడి గిన్నెలన్నీ తుడిచాడు. కుర్చీలన్నీ మడిచి పెట్టాడు.

నేను లేచి కోటేసుకుని వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. నేనెప్పుడైనా అలా లేచి రావడం చూశావా నువ్వు? గుమ్మం దగ్గర పావుగంట, మెట్ల మీద పావుగంట, కారు దగ్గర ఇంకో పావుగంట మాట్లాడందే కదిలే మనిషినా నేను? ఒళ్ళు మండి ఉంది నాకు.

కారు స్టార్ట్ చేశాను. వెనకనుంచి పరిగెత్తుకొచ్చాడు.

అదిగో, ఆ వంటగట్టు మీద ఉంది చూశావా గిన్నె, అది తేవడానికి. మర్చిపోయి వచ్చేశాను. కడిగి, తుడిచి, కింద నా పేరు రాసిన టేపు ఊడుతుంటే మళ్ళీ అతికించి తెచ్చాడు. కిటికీ దించాను. కొంచెమే, గిన్నె పట్టేంత. లోపలికి అందించాడు. చర్చి మెట్ల మీదనుంచి అందరూ చూస్తున్నారు. డెర్లిస్ ఆర్డిస్ కారు దగ్గరున్నాడు, తనే దింపుతుంది, అనుకున్నారు. మీ అమ్మ కూడా అదే అనుకుంది. లేకపోతే ఆ మనిషి వదిలేదా వాణ్ణి?

దింపనా, అన్నాను. మొహం ముందుకే పెట్టుకుని అన్నాను. వద్దు దోన్యా, నడుస్తాను, అన్నాడు.

పర్వాలేదా, అన్నాను. పర్వాలేదు, థాంక్స్, అన్నాడు.

అంతే. చెప్పానుగా. అడిగాను, వద్దన్నాడు.

ఎన్నిసార్లా?

నువ్వు ఇక్కడివాడివి కదూ. మర్చేపోయాను. ఊరుగాని ఊరివాడైతే, అడిగాను వద్దన్నాడు అంటే రాసుకుని వెళ్ళిపోయేవాడు.

రెండుసార్లు. రెండేసార్లు అడిగాను బ్రెంట్.

ఇంకా విను. వాడు వెళ్ళలేదు. థాంక్స్ అని అక్కణ్ణుంచి కదల్లేదు. కారు తలుపు పిడి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. ఆ ఎర్ర తొడుగు చెయ్యి. లాగలేదు, ఊరికే వేసి ఉంచాడు. మొహం కొంచెం వంచి, నేను నేర్పినట్టే, మూడోసారి కోసం చూస్తున్నాడు. అడుగుతాననే అనుకుంటున్నాడు. ఎందుకడగరు అని చెప్పిందాన్ని నేనే కదా. థాంక్స్ అంటే వద్దని అనుకున్నానని ఇందాక నీకు చెప్పానే, అబద్ధం. ఆ చెయ్యి చూశాను నేను. దానర్థం నాకు తెలుసు.

చూసి, ఇంత నేర్చుకున్నావుగా, వీడియోలో అందరికీ చెప్తున్నావుగా, అయితే నడు, అనుకున్నాను. మనసులో అనుకున్న మాట అచ్చంగా అదే. కిటికీ ఎత్తేశాను. గేరు వేశాను. కారు కదిలితే వాడి చెయ్యి జారిపోయింది. అద్దంలో చూశాను, అక్కడే ఉన్నాడు. చెయ్యూపాడు కూడా.

కొట్టిపారెయ్. అడిగితే వద్దన్నాడని రాసింది కొట్టిపారేసి, తెలిసే వదిలేసి వచ్చిందని రాయి. వాళ్ళమ్మకి ఎవరైనా ఫోన్ చేస్తారుగా, ఆవిడకి కూడా అలాగే చెప్పమను.

పెన్ను కింద పెట్టేస్తావేం? రాయి.

అదేమిటి? మళ్ళీ రేడియో. ఉండు. ఉండు, మాట్లాడకు.

దొరికాడా? దొరికాడన్నారా? బ్రెంట్, బతికున్నాడా? అది చెప్పు ముందు. బతికున్నాడా?

కూర్చుంటాను. కూర్చుంటున్నాను, వదులు.

ఏ గుడిసెలో? ఎవరిదైతే ఏంలే. తలుపు తాళం వెయ్యరు మనవాళ్ళు, దారి తప్పితే ఏ గుడిసె కనపడితే అందులో దూరండి, ఎవరూ ఏమనరు, పొయ్యీ అగ్గిపెట్టే ఉంటాయి అని చెప్పాను. అది వీడియోలో లేదు. అది నేను చెప్పిందే.

మరి పొయ్యి వెలిగించుకోలేదా? వేళ్ళు లొంగలేదా. అగ్గిపుల్ల పట్టుకోలేకపోయాడా. కుడి చెయ్యేనన్నమాట. ఎన్ని వేళ్ళు? డాక్టరే చెప్పాలంటారు, వాళ్ళెప్పుడూ అంతే అంటారు. మాట్లాడుతున్నాడా? ఏమన్నాడు?

ఏమన్నాడో చెప్పు. దాచకు. నన్ను తిట్టాడా?

దోన్యా క్షేమంగా ఇల్లు చేరిందా అని అడిగాడా.

దారి కనపడటం లేదు, ఆవిడ ఒక్కత్తే నడుపుకుంటూ వెళ్ళింది, ఎవరైనా కనుక్కున్నారా, అని.

ఊఁ.

నాకేం కాలేదు. నీళ్ళు అక్కర్లేదు. ఒక్క నిమిషం.

ఆసుపత్రికా? నేనా? వద్దులే నాయనా. నీకు బోలెడు పనుంటుంది, ఈ దారిలో నన్ను మోసుకెళ్ళడం ఎందుకు.

లేదు, పర్వాలేదు. నిజంగా. నువ్వెళ్ళు. రేపు గాలి తగ్గాక నేనే వెళ్తాను.

ఆ, టోపీ పెట్టుకో. పుస్తకం మర్చిపోకు. తలుపు గట్టిగా లాగాలి, చలికి బిగుసుకుపోయింది.

ఏం, నిలబడ్డావేం? పిడి మీద చెయ్యేసుకుని, అచ్చం వాడిలాగే. లోపలికి మంచు కొడుతోంది చూడు.

రెండుసార్లు అడిగావు నువ్వు. నేనూ లెక్కపెడుతున్నాను. అడగాలనుంటే అడుగు బ్రెంట్, కోటు ఇక్కడే ఉంది. అడక్కుండా వెళ్ళిపోయినా సరే, మీ అమ్మతో చెప్పనులే.